అనుకోకుండా నేను రాకపోతే

ఉరవకొండ ఆసుపత్రిలో డాక్టరమ్మ బీపీ పట్టీ ఒకసారి కట్టి చూసింది, విప్పి మళ్లీ కట్టింది, మూడోసారి కూడా అదే అంకె వచ్చేసరికి గొట్టాలు చెవుల్లోంచి తీసి మెడలో వేసుకుని, "ఇట్లనే ఎక్కుతా పోతే ఏ దినమైనా సరే మంచమెక్కించేస్తా, బడీ లేదు గిడీ లేదు" అంది. ఏడో నెల కడుపుతో ఎదురుగా కూర్చున్న జ్యోతికి ఆ మాట వినగానే మొదట గుర్తొచ్చింది బిడ్డ కాదు, ఏడో తరగతి. ఆ సంగతికి తర్వాత ఆమె సిగ్గుపడింది కూడా. కానీ అప్పుడు మాత్రం, ఇంటిదాకా నడిచినంతసేపూ బుర్రలో ఒకటే తిరిగింది. రేపు పొద్దున తను లేవలేకపోతే ఆ ముప్పై రెండు మందికి లెక్కలు ఎవరు చెప్తారు, ఆ చెప్పేవాళ్లకు ఈ పిల్లల సంగతి ఎవరు చెప్తారు?

వజ్రకరూరు అవతల ఉన్న ఆ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు తనొక్కతే. హెడ్మాస్టర్ని అడిగితే ఆయన ఫ్యాను వైపు చూసి, "ఇంకో లెక్కల టీచర్ని యాడనుంచి తెచ్చేదమ్మా, హరినాథ్ సార్‌కు అప్పజెప్తాంలే" అన్నాడు. హరినాథ్ సార్ సోషల్ చెప్తారు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. మంచి మనిషే, కాకపోతే గొంతు మైదానం దాటి గేటు దాకా వినిపిస్తుంది, తెలియని పిల్లవాణ్ణి తెలిసేదాకా నిలబెట్టే అలవాటుంది.

అందుకని జ్యోతి నీలం రంగు ఫైలొకటి కొని, అట్ట మీద పెద్ద అక్షరాలతో "అనుకోకుండా నేను రాకపోతే" అని రాసి, వారం రోజులు దాని మీదే పడింది. మొదటి మూడు వారాలకు రోజువారీ పాఠం, ఏ లెక్క బోర్డు మీద, ఏ లెక్క నోటుబుక్కులో, ముందే అయిపోతే ఏం చేయించాలి, అవ్వకపోతే ఏది వదిలేయాలి, అన్నీ. కాన్పు కోసం కూతురి దగ్గరికొచ్చిన లక్ష్మీనరసమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ చూసి చూసి, "ఏమ్మే, నువ్వు పోతాండేది మూడు నెల్లకా, ముప్పై ఏండ్లకా? ఆ సార్ చదువుకున్నోడే కదా" అంది.

"సార్‌కు పాఠాలొస్తాయిమా. పిల్లోళ్లే తెల్దు."

పాఠాల వెనక పిల్లల పేజీలున్నాయి మరి, జ్యోతికి అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. తలా ఒక పేజీ. ప్రణీత్ జవాబు తెలిస్తే చెయ్యి ఎత్తడు, తెలియకపోతే రెండు చేతులూ ఎత్తుతాడు. వీరేష్ మూడో బెంచీలో నిద్రపోతే లేపవద్దు, తెల్లారుజామున బోరు మోటారు వేయడానికి లేస్తాడు. హేమకు దూరంగా ఉన్నది కనపడదు, అద్దాలు పెట్టుకొమ్మంటే ఏడుస్తుంది, ముందు బెంచీలో కూర్చోబెట్టండి చాలు. ఇంకొకటి, క్లాసు మొత్తానికి: వాన పడిన మర్నాడు సగం మంది రారు, పెద్దవాళ్లతో కలిసి చేలల్లో వజ్రాల రాళ్లు వెతకడానికి పోతారు, ఆ రోజు కొత్త పాఠం మొదలుపెట్టవద్దు.

రేఖ పేజీ రాసేటప్పుడు మాత్రం జ్యోతి మూడు కాగితాలు చించింది.

రేఖకు పదమూడేళ్లు. నిరుడంతా అమ్మానాయనలతో బెంగళూరులో, కట్టే బిల్డింగుల కింద రేకుల షెడ్లో ఉంది. అమ్మ నీళ్లు మోస్తుంటే ఈ పిల్ల వంట చేసేది. ఈ ఎండాకాలం వాళ్లు ఊరికొచ్చినప్పుడు జ్యోతి పిల్లల్ని బడిలో చేర్పించడానికి ఇల్లిల్లూ తిరుగుతూ వాళ్ల గడప కూడా తొక్కింది. రేఖ నాయన తిమ్మప్ప నులకమంచం వాల్చి కూర్చోబెట్టి, మర్యాదగానే, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. "బెంగళూరులో మా చెల్లెలికి చంటిబిడ్డ ఉండాడు మేడం. చూసుకునే దానికి ఈ పాపను పంపియ్‌మని అడుగుతాండాది. ఈడ కూచోబెట్టి ఏం చేసేది, ఒక ఏడాది చదువు పాయ గదా." జ్యోతి గంటసేపు అడిగింది, బతిమాలింది, చివరికి తనే దగ్గరుండి చూసుకుంటానంది. తిమ్మప్ప ఆలోచించి, "సరే, మీరు బళ్లో ఉన్నంతవరకు ఉండనీ. మళ్ల చూద్దాం" అన్నాడు.

మీరు బళ్లో ఉన్నంతవరకు. ఆ మాటే ఇప్పుడు జ్యోతి పెన్నుకు అడ్డం పడింది.

క్లాసులో ఆమెకొక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో పిల్లల పేర్లు రాసిన చీటీలు. రోజూ డబ్బా ఊపి ఒకటి తీసి, ఎవరి పేరొస్తే వాళ్లను బోర్డు దగ్గరికి పిలిచేది. జూన్లో బడి తెరిచిన రెండో రోజే రేఖ చీటీ వచ్చింది. పిల్ల చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయింది, చాక్‌పీసు కింద పడి మూడు ముక్కలయింది, వెనక బెంచీలోంచి ఎవరో "బెంగళూరు మేస్త్రి" అన్నారు, క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రమే జ్యోతి ఆ చీటీ తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఆ తర్వాత రేఖ ఎప్పుడూ భయపడలేదు, ఒక్క రోజు బడి మానలేదు, తన పద్ధతి ఫలించిందని జ్యోతికి లోపల్లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

చివరికి పేజీలో ఇలా రాసింది: "రేఖ. రోల్ నంబరు పంతొమ్మిది. పాపం, ఒక ఏడాది చదువు పోయింది. భాగహారం రాదు. బోర్డు దగ్గరికి పిలవవద్దు. డబ్బాలో ఈమె చీటీ లేదు, జూన్లోనే తీసేశాను, దయచేసి మళ్లీ వేయవద్దు. తప్పు చేసినా తప్పు అనవద్దు. బెదిరితే బడి మానేస్తుంది." కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసింది.

ఒక పూట హరినాథ్ సార్‌ను కూర్చోబెట్టుకుని ఫైలంతా చదివి వినిపించాలనుకుంది. ఆ పూట రానేలేదు. ఆగస్టు రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం కళ్ల ముందు మెరుపులు మెరిసినట్టయి స్టాఫ్‌రూం గోడ పట్టుకుంది. సాయంత్రానికల్లా డాక్టరమ్మ అన్నంత పనీ చేసింది: ఎడమవైపు తిరిగి పడుకోవాలి, స్నానానికి తప్ప లేవకూడదు. ఫైలు స్టాఫ్‌రూం బీరువాలోనే ఉండిపోయింది. జ్యోతి ఫోన్లోనే హరినాథ్ సార్‌కు ఎక్కడుందో చెప్పింది, ఆయన "నువ్వు బెంగ పెట్టుకోకమ్మా, నేనుండా కదా" అన్నాడు.

నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశాడు.

"జ్యోతమ్మా, ఎట్లుండావు? నీ ఫైలు బంగారం తల్లీ. ఏ పాఠం యాడ ఆపాల, అంతా రాసిపెడితివి. నాకు పనే లేదు."

"పిల్లలు ఎట్లుండారు సార్?"

"శానా బాగుండారు. నిన్నంతా ఖాళీ. మొన్న రాత్రి వాన దంచె కదా, అందరూ రాళ్లకు పోయినారు. ఈ పొద్దు వచ్చినారు. ఆ రేఖ మాత్రం సోమారం సగంలో పోయిన పాప ఇంగా రాలా. దానికేమైనా పెద్ద వజ్రం దొరికిందేమో కనుక్కోవాల." ఆయన తన జోకుకు తనే నవ్వాడు.

జ్యోతి మోచేతి మీద లేచింది. "సగంలో ఏంటికి పోయింది సార్?"

"కడుపు నొప్పనె. పాపం ఆ పాప చేతిరాత ముత్యాలమ్మా. నేను అటెండెన్సు ఫొటోలు, అన్నం ఫొటోలు, అవన్నీ ఫోన్లో ఎక్కించల్ల కదా, నెట్టు రాదు, మైదానంలోకి పోయి చెయ్యెత్తి నిలబడల్ల. అందుకని ఫైలు దాని చేతికిచ్చి, బోర్డు మీద రాయి పాపా, మిగతావాళ్లు నోటుబుక్కుల్లో ఎక్కించుకుంటారని చెప్పి పోతి. వచ్చేసరికి సోమారం పాఠం రాసి ఉండాది, పాప లేదు."

"ఏ కాగితం ఇచ్చినారు సార్?"

"కాగితమేంది, ఫైలే ఇచ్చినా. ఆఁ, అదొకటి చెప్పల్ల. ఆ ఫైలు కనపడ్ల్యా. పోతే పోనీలే, మూడు దినాల పాఠం నేను ముందే నా బుక్కులోకి ఎక్కించుకున్యా."

ఆయన చేసిందాంట్లో తప్పు లేదు. ఆ బడిలో అందరూ అదే చేస్తారు, చేతిరాత బాగున్న పిల్లకు పుస్తకమిచ్చి బోర్డు మీద రాయించడం, జ్యోతి కూడా ఎన్నోసార్లు చేసింది. ఫైలు ఎవరి చేతుల్లోకి పోతుందో ఆలోచించకుండా రాసింది తనే. ముందు పాఠాలు, వెనక పిల్లల పేజీలు, పాఠం రాసి కాగితం తిప్పితే చాలు.

వెంటనే తిమ్మప్పకు ఫోన్ కలిపింది. ఆయన ఏదో ఆటోలో ఉన్నట్టుంది, గొంతు పెంచి మాట్లాడాడు. "ఆ పాపే బడికి పోనంటాండాది మేడం. కొట్టి పంపియ్యల్లంటారా? రెండు దినాలు అన్నం కూడా సరిగ్గా తిన్ల్యా. ఇంగ మీరు కూడా లేరు గదా. ఆదివారం బస్సుకు పంపిస్తాండా."

"అన్నా, ఒక్కసారి మా ఇంటికి తీసుకొని రాండి. పంపించే ముందర ఒక్కసారి."

"శనివారం ఎరువులకు ఉరవకొండకొస్తా. అప్పుడు దింపుతా" అన్నాడు తిమ్మప్ప.

శనివారం పదకొండు గంటలకు ఆయన మోపెడ్ వాకిట్లో ఆగింది. గుమ్మం దగ్గరే నిలబడి, మంచం మీద జ్యోతిని చూసి ఇబ్బందిగా తల తిప్పుకుని, "నేను అంగడికి పోయొస్తా, మీరిద్దరూ మాట్లాడుకోండి" అని వెళ్లిపోయాడు. రేఖ లోపలికొచ్చింది. బడి యూనిఫాం కాదు, పూల పంజాబీ డ్రస్సు, బెంగళూరులో ఎవరో ఇచ్చినది, భుజాల దగ్గర వదులుగా ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులోంచి నీలం ఫైలు తీసి మంచం అంచున పెట్టింది.

"కూచో రేఖా."

"నిలబడే ఉంటా మేడం."

లక్ష్మీనరసమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పిల్ల గ్లాసు తీసుకుంది కానీ తాగలేదు. ఒక చేత్తో ఫైలు తెరిచి, వెతక్కుండానే సరిగ్గా ఆ పేజీ తీసింది.

"ఇది మీరే రాసినారా?"

"నేనే."

"జూన్లోనే తీసేసినారా మేడం, నా చీటీ?"

జ్యోతి తలూపింది. రేఖ ఇంకేదైనా అడుగుతుందేమో, కాగితం విసిరికొడుతుందేమో అనుకుంది. ఆ పిల్ల మాత్రం అంకెలు ఒప్పజెప్పినట్టు ఒకే గొంతుతో మాట్లాడింది.

"నేను రోజూ చూస్తాంటి మేడం. మీరు డబ్బా ఊపుతాంటే ఈ పొద్దు నాదే అని ముందుకు జరిగి కూచుంటాంటి. ప్రణీత్‌ది నాలుగు తూర్లు వచ్చె. వీరేష్‌ది ఐదు. హేమది రెండు తూర్లు. నాది మళ్లా రాలా. అడుగున యాడనో ఇరుక్కున్యాదేమో అనుకుంటి. మా నాయన రోజూ అడుగుతాండె, వచ్చిందా పాపా నీ చీటీ అని. రేపొస్తాది నాయనా అంటాంటి. పొద్దున్నే బోరు కాడ నీళ్లకు పోయినప్పుడు బండ మీద బొగ్గుతో లెక్కలు చేస్తాంటి, పిలిస్తే తప్పు పోకూడదని."

జ్యోతి ఆ పేజీ మీద చెయ్యి పెట్టింది. "ఆ పొద్దు నువ్వు చాక్‌పీసు కింద పడేస్తివి కదా రేఖా. అందరూ నవ్విరి. అది చూసి నేను..."

"నవ్వినారు. రెండు దినాలు నవ్వినారు. మళ్ల మర్చిపోయినారు." పిల్ల గ్లాసు కింద పెట్టింది. "మీరే మర్చిపోల్యా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. లక్ష్మీనరసమ్మ వింటోందన్నమాట. జ్యోతి గోడ వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, ఎడమవైపు తిరిగి పడుకున్న మనిషికి చూడటానికి ఎక్కువ చోట్లుండవు, చివరికి రేఖ మొహమే చూడాల్సి వచ్చింది. ఏడవడం లేదు ఆ పిల్ల. ఏడ్చి ఉంటే ఓదార్చేది, ఓదార్చడం జ్యోతికి బాగా వచ్చు.

"తప్పు చేసినా రేఖా" అంది. "నీకు మంచి చేస్తాండా అనుకుంటి. నిన్ను అడగాల్సింది. అడగలేదు."

"పాపం అని ఏంటికి రాసినారు?"

"రాయకూడదు. ఆ మాట తీసేస్తా" అంది జ్యోతి.

రేఖ ఒక్కసారిగా, "ఒక లెక్క ఇయ్యండి మేడం" అంది. "భాగహారం. నాకు రాదని రాసినారు గదా. పెద్దది ఇయ్యండి."

జ్యోతి ఫైలు వెనక తెల్లకాగితం మీద రాసింది: రెండువేల నాలుగువందల పదిహేనును ఇరవైమూడుతో భాగించు. రాసి, ఎక్కువైందేమో అని చెయ్యి ఆగింది, చిన్నది ఇద్దామా అనుకుంది, ఆ ఆలోచనను అక్కడికక్కడే నోరుమూయించి కాగితం ఇచ్చేసింది. రేఖ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మంచం పట్టె మీద కాగితం పెట్టుకుని మొదలుపెట్టింది. నిజంగానే ముత్యాల్లాంటి అంకెలు. ఇరవైనాలుగులో ఇరవైమూడు ఒకసారి. ఒకటి మిగిలింది. ఒకటి దించింది, పదకొండు, పోదు. ఐదు దించింది, నూటపదిహేను, ఐదుసార్లు పోయింది. శేషం సున్న. పైన పదిహేను అని రాసి, కాగితం తిప్పి జ్యోతి ముందు పెట్టింది.

జ్యోతి నోటి చివరిదాకా వచ్చింది, "శానా దగ్గరికొచ్చినావు" అని, "ఈ మాత్రం చేసినావంటే ఎంత గొప్ప" అని. ఎన్ని వందలసార్లు అన్న మాటలో. మింగేసింది.

"తప్పు" అంది.

రేఖ తల ఎత్తింది. ఈ రెండు నెలల్లో ఆ మాట తన లెక్కకు మొదటిసారి విందేమో, మొహంలో కోపం కాదు, ఏదో ఆశ్చర్యం కనిపించింది. "యాడ?"

"నువ్వే చూడు. ఇరవైమూడును పదిహేనుతో గుణించు."

పిల్ల గుణించింది. మున్నూట నలభై ఐదు. దాన్ని చూసింది, పైనున్న రెండువేల నాలుగువందల పదిహేనును చూసింది, మళ్లీ దీన్ని చూసింది. "ఇంత తక్కువ వచ్చిందే" అని గొణుక్కుంది. పక్కన తీసివేత వేసింది. "రెండువేల డెబ్భై యాడికి పోయినాయి మేడం?"

వంటింటి గుమ్మంలోంచి లక్ష్మీనరసమ్మ, "మాయింట్లో అయితే లేవు తల్లీ" అంది. ముగ్గురిలో ఎవరూ నవ్వాలనుకోలేదు కానీ రేఖ పెదవి ఒక మూలకు వంగింది.

జ్యోతి చెప్పలేదు. చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆ పది నిమిషాల్లో తెలిసింది. రేఖ మళ్లీ మొదటినుంచి చేసింది, మళ్లీ పదిహేనే వచ్చింది, కొట్టేసింది, పెన్ను కొరికింది, జడ కొస లాగింది. మూడోసారి పదకొండు దగ్గరికొచ్చి ఆగింది. "పదకొండులో పోదు."

"పోదు."

"పోకపోతే... ఊరికే పోనిచ్చినా నేను. పోలేదని పైన చెప్పలేదు." అంటూనే ఒకటికీ ఐదుకూ మధ్య ఇరికించి సున్న పెట్టింది. నూటఐదు. ఈసారి జ్యోతి చెప్పకముందే గుణించి చూసుకుంది, రెండువేల నాలుగువందల పదిహేను వచ్చింది, అంకెల కింద గట్టిగా ఒక గీత గీసింది, కాగితం చిరిగేంత గట్టిగా. అప్పుడు మజ్జిగ గ్లాసు అందుకుని గటగటా తాగేసింది.

"నీ పేజీ మళ్లా రాస్తా" అంది జ్యోతి. "ఏం రాయల్లో నువ్వే చెప్పు, హరినాథ్ సార్‌కు పంపిద్దాం."

రేఖ ఆలోచించింది. "నా పేజీ ఏం రాయొద్దు మేడం. యాడిదాకా వచ్చు, యాడ రాదు అని సార్‌కు నేనే చెప్పుకుంటా." తన పేజీని ఫైల్లోంచి జాగ్రత్తగా, చిల్లుల దగ్గర చిరగకుండా తీసి, మడిచి జ్యోతి చేతిలో పెట్టింది. పెట్టి, "ఇంగోటి. వీరేష్ మోటారుకు లేయడు. వాళ్ల బోరు ఎండిపోయి ఏడాదాయ. ఫోన్లో ఆటలాడతాడు రాత్రంతా. నిద్రపోతే లేపండి వాణ్ణి" అంది.

బయట మోపెడ్ ఆగింది. తిమ్మప్ప ముందువైపు రెండు యూరియా బస్తాలు ఇరికించుకుని, చెమట తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చాడు. కూతురు నేల మీద కాగితాల మధ్య కూర్చుని ఉండటం చూశాడు, మేడం మొహం చూశాడు, ఏమీ అర్థం కాలేదు.

"ఏమప్పా, అయిపోయినాయా మాటలు? మీ అత్త ఫోన్ చేసినాది. రేపు ఎన్ని గంటలకు బస్సు ఎక్కిస్తామని అడుగుతాండాది."

"నేను పోను నాయనా. సోమారం బడికి పోతా."

తిమ్మప్ప టవలు భుజం మార్చుకున్నాడు. తను అడిగితే ఆయన ఒప్పుకుంటాడేమో అని జ్యోతి నోరు తెరవబోయింది, మళ్లీ మూసుకుంది. ఆయన కూతురితోనే అన్నాడు, "మొన్న బడికి పోనంటివి. ఈ పొద్దు పోతానంటాండావు. మేడం ఉన్నంతవరకనే కదా మనం అనుకున్యాం. మేడం లేదు కదా పాపా బళ్లో."

"లెక్కలుండాయి గదా నాయనా."

తిమ్మప్ప వంగి ఒక కాగితం తీసి, తిరగేసి మరగేసి చూశాడు. ఆయనకు లెక్కలు రావు, కొట్టివేతలు కనిపించాయి, చివర గట్టిగా గీసిన గీత కనిపించింది. "ఇదంతా నువ్వే చేసినావా?"

"రెండు తూర్లు తప్పు పోయినా. మూడోతూరి వచ్చె."

"మీ అత్త తిడతాది."

"తిట్టనీ."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకోకుండా కూతురికి అందించాడు. "నావల్ల కాదప్పా, నువ్వే చెప్పుకో" అని, తను పోయి వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు. లక్ష్మీనరసమ్మ ఆయనకో గ్లాసు మజ్జిగ తీసుకుపోయింది.

రేఖ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. అవతల రింగు పోతున్నంతసేపూ ఆమె వేలు కిటికీ ఊచ మీద ఏదో రాస్తూనే ఉంది. జ్యోతి ఎడమవైపు తిరిగి పడుకునే ఉంది, లోపల బిడ్డ గట్టిగా ఒక తన్ను తన్నింది, దాన్ని కూడా పట్టించుకోకుండా ఆ పిల్ల గొంతు కోసం చెవులు రిక్కించింది.

"అత్తా, నేను రేఖను. లేదత్తా, నేను రావడం లే... ఎవ్వరూ చెప్పిచ్చలేదు, నేనే చెప్తాండా... సోమారం మాకు రెండో పీరియడ్ లెక్కలుండాది."